మెరకా, పల్లమూ: హాంబర్గ్ పేటల పాత ముచ్చట్లు

ఇల్లు ఎక్కడ చూసుకోమంటావు తాతయ్యా అని అడిగారు కదా, చెబుతాను. ముందు ఆ తడి కట్టె పక్కకి లాగి ఎండుది వెయ్యి నాయనా, పొగ పిల్ల కళ్ళలోకి పోతోంది. ఆఁ, అలాగ. అద్దె ఎంత, రైలు స్టేషన్ ఎంత దూరం, ఇవన్నీ మీ ఫోన్లో దొరుకుతాయి. ఏ పేట ఎవరిని లేపేసిన చోట కట్టారో, ఆ లేచినవాళ్ళు ఎటు పోయారో అందులో దొరకదు. అది తెలియకుండా మీరు ఈ ఊళ్ళో కాపురం పెట్టడం నాకు ఇష్టం లేదు.

కాగితాల మీద హాంబర్గ్‌కి 7 మండలాలు, వాటిలో 104 పేటలు. ఆల్టోనా, వాండ్స్‌బెక్, హార్‌బుర్గ్ ఒకప్పుడు వేరే ఊళ్ళు. 1937లో చట్టం చేసి కలిపేశారు. ఇప్పుడు 18 లక్షల పైచిలుకు జనం. నేను మాత్రం ఈ ఊరిని మెరక, పల్లం అని రెండు ముక్కలుగానే చూస్తాను. గోదావరి లంకలో పుట్టినవాణ్ణి, ఏ ఊరికి వెళ్ళినా నా కళ్ళు ముందు నీళ్ళు ఎటు పారతాయో చూస్తాయి. సముద్రం ఇక్కడికి 100 కిలోమీటర్ల అవతల ఉన్నా ఎల్బె నదిలో పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు ఊరి నడిబొడ్డు దాకా వస్తాయి. పడమటి వైపు ఉత్తరపు గట్టు ఎత్తైనది. ఓడలకి దారి చూపే పైలట్లూ, జాలర్లూ ఆ గట్టు మీద కట్టుకున్న బ్లాంకనేజెలో ఇళ్ళ మధ్య దాదాపు 5,000 మెట్లున్నాయి. ఇప్పుడక్కడ బాగా డబ్బున్నవాళ్ళు ఉంటారు. తూర్పూ దక్షిణమూ పల్లం, బురద నేల, కరకట్టలు. నేను చెప్పే కథంతా పల్లానిదే.

విశాఖ షిప్‌యార్డులో పని నేర్చుకుని నేను 1960ల చివర ఇక్కడికి వచ్చాను. విల్‌హెల్మ్స్‌బుర్గ్‌లో, అదే ఎల్బె పాయల మధ్య ఉన్న లంకలో, ఒక పెద్దావిడ ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడ పుట్టింది హామర్‌బ్రోక్‌లో. ఆవిడ తాత పుట్టింది వాండ్రాంలో. సాయంత్రాలు వంటగదిలో బొగ్గు పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ చెప్పేది, నాకు భాష వచ్చినంత మేరకు నేను వినేవాణ్ణి. అర్థం కానిది తరవాత పుస్తకాల్లో వెతుక్కునేవాణ్ణి.

1842 మే నెలలో డైష్‌స్ట్రాసె అనే వీధిలో నిప్పు పుట్టింది. మూడు రోజులు ఆరలేదు. పాతూళ్ళో పెద్ద భాగమే పోయిందమ్మా. 51 మంది చనిపోయారు, 20,000 మందికి గూడు లేకుండా పోయింది. అప్పటికి బెర్గెడోర్ఫ్ రైలు ఇంకా తెరవలేదు. ప్రారంభోత్సవం మానేసి, ఆ బళ్ళలోనే కట్టుబట్టలతో ఉన్నవాళ్ళని ఎక్కించి ఊరు దాటించారు. తరవాత విలియం లిండ్లీ అనే ఇంగ్లీషు ఇంజనీరు మురుగు కాలవలు వేశాడు, నీటి గొట్టాలు వేశాడు. హామర్‌బ్రోక్ బురదలో కాలవలు తవ్వి నీళ్ళు తోడించాడు. కాలిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకలూ తెచ్చి ఆ పల్లంలో పోసి ఎత్తు చేశారు. అంటే పాతూరి బూడిద మీద కొత్త పేట లేచిందన్నమాట. అందులోకి ఎవరు వచ్చారో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజుల్లో చీకటి పడగానే కోట గుమ్మాలు మూసేవాళ్ళు. ఆలస్యంగా వస్తే రుసుం కట్టాలి. 1860 చివరి దాకా ఆ పద్ధతి నడిచింది. రేవులో కూలి చేసుకునేవాడు రోజూ గుమ్మానికి డబ్బు ఎక్కడ కడతాడు? అందుకని అందరూ గోడల లోపలే ఇరుక్కుని బతికారు. సందుకో సందు, దాని వెనక ఇంకో పెరటి ఇల్లు. రేవుకి ఆనుకుని కేర్‌వీడర్, వాండ్రాం అని రెండు లంకలుండేవి. కేర్‌వీడర్‌లో కూలీలూ చేతిపనివాళ్ళూ ఉంటే, వాండ్రాంలో వర్తకుల పాత మేడలు కూడా ఉండేవి. జర్మనీ సుంకాల కట్టులో చేరమని బిస్మార్క్ ఒత్తిడి పెట్టాడు. ఊరి పెద్దలు ఒప్పుకున్నారు కానీ సుంకం లేకుండా సరుకు దాచుకునే చోటొకటి మాకు వదలమన్నారు. ఆ చోటు ఈ రెండు లంకలే. 20,000 మందిని లేపేశారు. వేల మానులు బురదలో దింపి వాటి మీద ఎర్రటి ఇటుక గిడ్డంగులు వరసగా కట్టారు. 1888 అక్టోబర్ 29న చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ వచ్చి చివరి రాయి పెట్టాడు. ఇప్పుడు మీరు ఫోటోలు తీసుకున్నారే, ష్పైషర్‌ష్టాట్, అదే. 2015 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. నేను వచ్చిన కొత్తలో ఆ కాలవల గట్టున నడిస్తే కాఫీ గింజలూ మిరియాలూ కలిసిన వాసన వచ్చేది. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా అక్కడికి వెళ్ళి నిలబడేవాణ్ణి. అందమైన కట్టడాలే, ఎవరూ కాదనరు. కానీ ఆ 20,000 మందికి బదులు ఇళ్ళు ఎవరూ కట్టించలేదు. కొందరు మిగిలిన సందుల్లోకే దూరారు, కొందరు బార్మ్‌బెక్ వెళ్ళారు, చాలామంది హామర్‌బ్రోక్, రోటెన్‌బుర్గ్‌జోర్ట్ పల్లాలకి దిగారు. మా ఇల్లుగలావిడ తాత కూడా అలా దిగినవాడే.

మిగిలిన సందుల గతి వినండి. 1892 ఆగస్టులో కలరా వచ్చింది. హాంబర్గ్ ఎల్బె నీళ్ళని వడకట్టకుండానే గొట్టాల్లో ఇచ్చేది. వడపోత చెరువులు కట్టాలని ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటూ, ఖర్చు చూసి వెనకాడుతూ, చివరికి మొదలుపెట్టారు గానీ అవి పూర్తవకముందే జబ్బు వచ్చిపడింది. పక్కనే ఆల్టోనా ఉంది. నది దిగువన ఉంది కాబట్టి హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్ళే దానికి దిక్కు. కానీ వాళ్ళు ఆ నీళ్ళని ఇసకలో వడకట్టి ఇచ్చేవాళ్ళు. రెండు ఊళ్ళకీ సరిహద్దు వీధుల మధ్యలోంచి పోయేది. వీధికి ఒక పక్క హాంబర్గ్ గొట్టం, ఆ ఇళ్ళలో శవాలు లేచాయి. రెండో పక్క ఆల్టోనా గొట్టం, అక్కడ జబ్బు దాదాపు కాలు పెట్టలేదు. అదే గాలి, అదే నేల. బెర్లిన్ నుంచి వచ్చిన రాబర్ట్ కోఖ్ ఈ తేడాని ఎత్తి చూపించాడు. జబ్బు నేల ఆవిరుల వల్ల వస్తుందనే వాదానికి అంతకంటే గట్టి జవాబు లేదు. హాంబర్గ్‌లో 8,600 మంది దాకా పోయారు. సందుల్లో బీదవాళ్ళే ఎక్కువ. మరుసటి ఏడాది కాల్టెహోఫెలో వడపోత మొదలైంది.

ఆ తరవాత సందులు శుభ్రం చేస్తామని బయలుదేరారు. శుభ్రం చెయ్యడం అంటే కూలగొట్టడం. మ్యోంకెబెర్గ్ వీధి అలా పుట్టింది. ఓడ ముక్కులా మొన తేలిన చిలెహౌస్ ఉన్న ఆఫీసుల పేట కూడా అలా పుట్టిందే. 1922, 1924 మధ్య ఫ్రిట్స్ హ్యోగర్ గీసిన కట్టడం అది. చిలీ దేశపు సురేకారం వ్యాపారంలో గడించిన డబ్బు. కూలిన సందుల్లో ఉన్నవాళ్ళు మళ్ళీ తూర్పు పల్లానికే నడిచారు. సందుల్లో చివరిగా మిగిలిన కొన్ని ఇళ్ళని 2009లో కళాకారులు ఆక్రమించి కూర్చుంటే, నగరం తాను ఎవరికి అమ్మిందో వాడి దగ్గరే వాటిని తిరిగి కొనుక్కుంది. వెళ్ళి చూసి రండి, ఇంత ఇరుకులో ఎలా బతికారో తెలుస్తుంది.

ఆల్టోనా మాటొచ్చింది కాబట్టి ఇంకొక్కటి. 1640 నుంచి 1864 దాకా అది డెన్మార్క్ రాజు కింద ఉండేది. హాంబర్గ్ గోడల లోపల గుడి కట్టుకోనివ్వని కాథలిక్కులూ, యూదులూ, మెనొనైట్లూ అక్కడికి వెళ్ళి నిశ్చింతగా బతికారు. గ్రోసె ఫ్రైహైట్ వీధిలో కాథలిక్ చర్చి ఇప్పటికీ ఉంది. అదే వీధిలో ఇంద్ర అనే క్లబ్బు కూడా ఉంది. 1960 ఆగస్టులో బీటిల్స్ హాంబర్గ్‌లో మొదట పాడింది అందులోనే. ఇప్పుడా వీధి సాంక్ట్ పౌలి పేటలో కలిసింది. అక్కడ రాత్రిళ్ళు గోల, మీకు చిన్నపిల్ల ఉంది, వద్దు.

సాంక్ట్ గేయోర్గ్ గురించి చెప్పాలి. పెద్ద స్టేషన్ వెనక, మీరు కందిపప్పూ కరివేపాకూ కొనుక్కునే కొట్లున్న పేట. పూర్వం కోట బయట కుష్ఠురోగుల్ని ఉంచిన చోటు అది. ఆల్‌స్టర్ సరస్సు ఒడ్డున తెల్లటి హోటల్ ఉంది, అట్లాంటిక్. 1942 సెప్టెంబర్ 11న అక్కడ సుభాష్ చంద్రబోస్ ఎదుట ఆర్కెస్ట్రా జనగణమన వాయించింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం లేదు. 1919లో మన మదనపల్లెలో ఠాగూర్ ఉన్నప్పుడు మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిన పాట ఇక్కడ, ఈ ఊళ్ళో మోగింది. ఆ సంగతి తెలిసిన రోజు నేను హోటల్ ఎదట చాలాసేపు నిలబడిపోయాను. కానీ అమ్మా, అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న హానోఫర్ స్టేషన్ నుంచి అదే ఏళ్ళలో 8,000 మందికి పైగా యూదుల్నీ, సింతీ, రోమా జనాన్నీ రైళ్ళెక్కించి చావుకి పంపారు. గ్రిండెల్ పేట యూదులతో కళకళలాడేది. అక్కడి పెద్ద ప్రార్థనాలయాన్ని అంతకుముందే నేలమట్టం చేశారు. జనగణమన వినిపించిన ఏడాదే ఆ రైళ్ళూ కదిలాయి. రెండూ కలిపే గుర్తుపెట్టుకోవాలి, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

1943 జూలై ఆఖరు. వారం పైన ఇంగ్లీషు విమానాలు రాత్రీ, అమెరికా విమానాలు పగలూ బాంబులు వేశాయి. 27వ తేదీ రాత్రి హామర్‌బ్రోక్, రోటెన్‌బుర్గ్‌జోర్ట్, హామ్ పేటలు ఒక్క మంటగా కలిసిపోయాయి. ఎండిన వేసవి, ఇరుకు ఇళ్ళు. మంట గాలిని లాక్కుంది, ఆ గాలి మనుషుల్ని లాక్కుంది. లిండ్లీ తవ్విన కాలవల్లోకి దూకినవాళ్ళున్నారు. ఆ దాడుల్లో మొత్తం 34,000 మందికి తక్కువ కాకుండా పోయారు. దాదాపు 9 లక్షల మంది ఊరు వదిలారు. హామర్‌బ్రోక్ చుట్టూ గోడ కట్టి మూసేశారు. మా ఇల్లుగలావిడ ఆ రాత్రి గురించి తడిపిన దుప్పటి ఒకటే చెప్పేది. దాన్ని కప్పుకుని పరుగెత్తానని చెప్పి ఆగిపోయేది. నేను కూడా అడిగేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ పేట నిండా ఆఫీసులు.

బతికి బయటపడినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు? ఇంకా పల్లానికి. విల్‌హెల్మ్స్‌బుర్గ్‌లో చిన్న చిన్న తోట స్థలాలుండేవి. ఆదివారాలు కూరగాయలు పెంచుకోవడానికి ఇచ్చినవి. వాటిలోని చెక్క గుడిసెల్లో సర్దుకున్నారు, తాత్కాలికమని. పంతొమ్మిదేళ్ళు గడిచినా అందులోనే ఉన్నవాళ్ళు చాలామంది. 1962 ఫిబ్రవరి 16 రాత్రి వాయవ్యం నుంచి తుఫాను సముద్రాన్ని నదిలోకి తోసింది. ఉప్పెన అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. నిద్రలో ఉండగా కరకట్టలు చాలా చోట్ల తెగాయి. హాంబర్గ్‌లో 315 మంది పోతే, అందులో 200 మందికి పైగా విల్‌హెల్మ్స్‌బుర్గ్ వాళ్ళే. గుడిసెల కప్పులెక్కి తడిబట్టలతో చలికి బిగుసుకుపోయి చచ్చిపోయినవాళ్ళున్నారు. అప్పుడు పోలీసు శాఖ చూసే హెల్ముట్ ష్మిట్ తనకి అధికారం ఉందా లేదా అని ఆగకుండా సైన్యాన్నీ, హెలికాప్టర్లనీ రప్పించాడు. తరవాత దేశానికే ఛాన్సలర్ అయ్యాడు. మా ఇల్లుగలావిడకి అప్పటికి ఇటుక ఇల్లు దొరికింది, మేడ మీదుంది కాబట్టి బతికింది. తోటలోనే ఉండిపోయిన ఆవిడ చెల్లెలు బతకలేదు. 1977లో దివిసీమ ఉప్పెన వార్త విని నేను అన్నం ముట్టకుండా కూర్చుంటే, ఆవిడ ఏమీ అడక్కుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

వరద తరవాత స్థోమత ఉన్నవాళ్ళు లంక వదిలేశారు. ఆ ఖాళీల్లోకి టర్కీ నుంచి, పోర్చుగల్ నుంచి, యుగోస్లావియా నుంచి వచ్చిన కూలీలూ, నాలాంటి వాళ్ళూ చేరాం. పక్కనే ఆల్టెన్‌వెర్డర్ అనే జాలర్ల పల్లె ఉండేది. కంటైనర్ల రేవు కోసం 1970ల నుంచి ఆ ఊరిని కొంచెం కొంచెంగా ఖాళీ చేయించారు. రేవు 2002లో తెరిచారు. చర్చి ఒక్కటీ, దాని చుట్టూ సమాధులూ మిగిలాయి.

ఇక మీరు మోజుపడుతున్న హాఫెన్‌సిటీ. కంటైనర్లు దక్షిణానికి పోయాక ఖాళీ అయిన పాత రేవు అది, 157 హెక్టార్లు. కోకో, టీ దాచిన గిడ్డంగి నెత్తిన ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ కట్టి 2017లో తెరిచారు. 86 కోట్ల యూరోలు దాటింది ఖర్చు. ఆ పేట పెద్ద కరకట్టకి అవతల ఉంది, అయినా భయం లేదు. ఇళ్ళన్నీ సముద్రమట్టానికి 8 మీటర్లకి పైన ఎత్తు చేసిన దిబ్బల మీద కట్టారు. కింది అంతస్తులకి వరద తలుపులున్నాయి. పల్లాన్ని మెరక చెయ్యడం చేతనవుతుందని చూపించారు. నాకు బాధేమిటంటే, అదే పని తోట గుడిసెలవాళ్ళకి 1962కి ముందు చెయ్యలేదు.

ఇప్పుడు వంతు విల్‌హెల్మ్స్‌బుర్గ్‌కి వచ్చింది. 2013లో కట్టడాల ప్రదర్శన పెట్టారు, తోటలు వేశారు, పాత ఇళ్ళకి రంగులు వేశారు. మంచిదే, పిల్లలు ఆడుకోవడానికి చోటుంది, బళ్ళు బాగుపడ్డాయి. అద్దెలు కూడా ఎక్కుతున్నాయి. మా మెట్ల మీద నలభై ఏళ్ళుగా పలకరించుకున్న వాళ్ళు ఒక్కొక్కరే సామాను సర్దుకుంటున్నారు. మీరు అక్కడ ఇల్లు చూసుకుంటే నేను వద్దనను, నాకు దగ్గరగా ఉంటారు, సంతోషమే. రేపు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంటివాణ్ణి ఒక మాట అడుగు నాయనా: ముందు ఉన్నవాళ్ళు తమంతట తాము వెళ్ళారా, వెళ్ళగొట్టారా, ఇప్పుడెక్కడున్నారు అని. వాడేం చెప్పాడో వచ్చి నాకు చెప్పండి.