ముత్తమ్మగారి ఇంటర్వ్యూ

"పెళ్లయితే ఉద్యోగం మానేస్తావా అమ్మా?" అని అడిగించుకుని, ముఖం చిన్నబుచ్చుకుని ఇంటర్వ్యూనుంచి వచ్చిన పిల్లలు కనిపిస్తే నాకు కూర్గు ఆడపడుచు సి.బి. ముత్తమ్మ గుర్తొస్తారు. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆవిడ. ఈ సర్వీసు నీకొద్దని సాక్షాత్తూ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మనే నచ్చజెప్పబోయాడట. వింటేనా! ఇంటర్వ్యూలో కనీస మార్కులే వేయించానని తర్వాత ఆయనే తనతో అన్నట్టు ఆవిడ కోర్టుకు చెప్పుకున్నారు. చేసిందీ కాక, చెప్పడం కూడానా!

పెళ్లి చేసుకుంటే రాజీనామా ఇస్తానని కాగితం రాసిచ్చి మరీ చేరారు. మగవాళ్లకు ఆ కాగితం లేదు సుమండీ. 1970లో హంగరీకి రాయబారి అయ్యారు. ఆపైన ప్రమోషన్ దగ్గర అడ్డుపడితే సుప్రీంకోర్టు కెక్కారు. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ వచ్చేసింది! అందుకని 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేశారుగాని, ఆడవాళ్లమీద పెట్టిన ఆ రూల్సును మాత్రం తీర్పులో ఉతికి ఆరేశారు.