కృష్ణాతీరపు నాట్యపదాలు – భాషాంతరంలో మార్పులు

కోపంతో ఊగిపోయే మనిషిని ‘చిందులు తొక్కుతున్నాడు’ అంటాం. అనవసరపు హంగామాను ‘తైతక్కలు’ అని తీసిపారేస్తాం. ఆలోచించకుండా వంతపాడేవాడు ‘తందాన’ అంటున్నాడని ఎద్దేవా చేస్తాం. ఆటపాటల రంగం నుండి వాడుకలోకి జారిన ఇటువంటి మాటలు మరో భాషలోకి వెళ్ళేటప్పుడు నిఘంటువు కొంత దూరమే సాయపడుతుంది. మాట వెనుక ఒక అడుగు, ఒక భంగిమ, కొన్నిసార్లు ఒక వెక్కిరింత కూడా ఉంటాయి. కృష్ణాతీరానికి చెందిన ఇద్దరు పండితులు ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటివాడు జాయప సేనాని. దివిసీమను ఏలిన అయ్యవంశీయుడు. కాకతి గణపతిదేవుడు దివిసీమను జయించి, జాయప సోదరీమణులు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. గజసాహిణిగా పనిచేసిన జాయప 1253–54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు మార్గానికి, తక్కిన నాలుగు దేశికి కేటాయించాడు. జనం ఆడుకునే చిందు, కోలాటం, పేరిణి వంటివాటిని శాస్త్రగ్రంథంలోకి తెచ్చేటప్పుడు వాటికి కొత్త సంస్కృత నామాలు కల్పించాలని అతడు ప్రయత్నించలేదు. పేర్లను ఇంచుమించు వాడుకలో ఉన్నట్టే నిలిపి, ఆట తీరును శ్లోకాల్లో వర్ణించాడు. పేరును అనువదించడం కంటే పనిని వివరించడం మేలన్న పద్ధతి ఇది. ఈ గ్రంథాన్ని తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు.

రెండవవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడిగా, రామదండు స్థాపకుడిగా ఆయన అందరికీ తెలుసు. నాట్యశాస్త్ర అనువాదకుడిగా తెలిసినవారు తక్కువ. 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో చదివిన ఆయన, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని ‘అభినయదర్పణం’ను ఇంగ్లీషులోకి సంక్షిప్తంగా అనువదించారు. ‘ది మిర్రర్ ఆఫ్ జెస్చర్’ పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని ప్రచురించింది. వారు ఆధారం చేసుకున్నది తెలుగు లిపిలో అచ్చయిన సంస్కృత మూలం. భారతీయ అభినయ విధానం గురించి వివరంగా తెలుసుకోవాలన్న ఆంగ్ల రంగస్థల ప్రయోక్త గోర్డన్ క్రెయిగ్ కోరిక ఈ అనువాదానికి ఒక ప్రేరణ.

ఇక్కడి పద్ధతి వేరు. హస్తాల సంస్కృత నామాలను ఉంచుతూనే, పక్కన ఇంగ్లీషు అర్థం చేర్చారు. పతాకం జెండా అయింది, మయూరం నెమలి అయింది. ఇంతవరకు ఇబ్బంది లేదు. కర్తరీముఖం దగ్గర మాత్రం తేడా కనిపిస్తుంది. కర్తరి అంటే మనకు కత్తెర. చూపుడువేలు, చిటికెనవేలు ఎడంగా చాచిన ఆ హస్తాన్ని అనువాదకులు బాణపు కాడగా చెప్పారు. కర్తరికి ఆ అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది కనుక దీనిని తప్పు అనలేం. అయితే ఈ హస్తానికి చెప్పిన మొదటి వినియోగం స్త్రీపురుషుల ఎడబాటు. కత్తెర అన్న మాటలో ఆ తెగిపోవడం వినిపిస్తుంది. బాణపు కాడలో వినిపించదు. కపిత్థం సంగతీ అంతే. మన ఇళ్ళలో పచ్చడి చేసుకునే వెలగపండు ఇంగ్లీషులో ‘ఎలిఫెంట్ ఆపిల్’ అయ్యేసరికి పిడికిలిలో ఇమిడే ఆ గుండ్రదనం తోచదు సరికదా, ఏనుగు అడ్డువస్తుంది!

ఇవి చిన్న నష్టాలే. పెద్ద నష్టం మార్గ–దేశి భేదాన్ని ‘క్లాసికల్–ఫోక్’ అనడంలో జరిగింది. జాయప దృష్టిలో దేశి లక్షణం లేనిది కాదు. ప్రాంతాన్ని బట్టి, జనరుచిని బట్టి మారే లక్షణం కలది. ఇంగ్లీషు జంటపదాల్లో రెండవది మొదటిదాని కంటే ఒక మెట్టు కిందే నిలుస్తుంది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నిర్వహించిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిపై పత్రం సమర్పించారు. ఆనాడు కూచిపూడి ‘క్లాసికల్’ అవునా కాదా అన్న చర్చ సాగింది. మొవ్వ పక్కనున్న ఒక పల్లె కళ తన గౌరవాన్ని పరాయి మాట కొలతతో నిరూపించుకోవలసి వచ్చింది. ఆ ప్రశ్ననే జాయప పరిభాషలో అడిగి ఉంటే, మార్గమూ దేశీ రెండూ కలిసిన రూపమని చెప్పి ముగించవచ్చు.

ఆ దేశి పాలు ఎక్కువగా వాచికంలో ఉంది. భామాకలాపంలో సూత్రధారుడే మాధవి అవుతాడు. భర్త పేరు చెప్పమని మాధవి సత్యభామను వాడుక మాటల్లో ఆటపట్టిస్తుంది. ఆమె సిగ్గుతో ఎంతకీ చెప్పదు. భర్తను పేరు పెట్టి పిలవడం మామూలైన ఇంగ్లీషులోకి ఈ సరసాన్ని మాటకు మాటగా తెస్తే నవ్వు రాదు. ఏకపాత్ర ప్రదర్శనలో మాధవి లేకపోతే ఈ సంభాషణకే చోటుండదు. అప్పుడు ప్రేక్షకులకు అందేది ప్రవేశదరువు, దానికి ముందు ఇంగ్లీషులో చదివే నాలుగు వాక్యాల పరిచయం. మాధవి అడిగే ప్రశ్న ఆ నాలుగు వాక్యాల్లో ఉండదు.