రోమ్‌లో ఒక్క గోల్ తేడా: 1960 ఓటమి లెక్క సరిచూస్తే

అనకాపల్లిలో పాత ఫుట్‌బాల్ ముచ్చట మొదలైతే రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో ఒక్క గోల్ తేడాతోనే ఓడాం, ఆ గోల్ పడకపోతే సెమీస్‌కు వెళ్లేవాళ్లం. రెండు, మనవాళ్లకు చివరిదాకా ఆడే దమ్ము లేక ఓడాం. రెండూ నమ్మబుద్ధయ్యే మాటలే. రుజువు అడిగితే మాత్రం ఎవరూ స్కోరు దాటి ముందుకు వెళ్లరు. అందుకని భారత్, హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్న ఆ గ్రూపులోని ఆరు ఆటలనూ తేదీల ప్రకారం, గోల్స్ పడిన నిమిషాల ప్రకారం పక్కపక్కన పెట్టి చూశాను.

ముందు అందరూ ఒప్పుకునే సంగతులు. 1960 ఆగస్టు 25న ఒలింపిక్స్ మొదలయ్యాయి. మర్నాడే, 26న, లాక్విలా పట్టణంలో భారత్, హంగరీ తలపడ్డాయి. 24వ నిమిషంలో గొరోచ్, 56వ నిమిషంలో ఆల్బర్ట్ హంగరీకి గోల్స్ చేశారు. 79వ నిమిషంలో బలరామ్ ఒకటి తిరిగి ఇచ్చాడు. ఆట 1-2తో ముగిసింది. బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

చిక్కుముడి పాయింట్ల పట్టిక దగ్గర పడింది. అదే హంగరీ 29న పెరూను 6-2తో, సెప్టెంబరు 1న ఫ్రాన్స్‌ను 7-0తో ఓడించింది. అంటే గ్రూపు విజేత చేతిలో అందరికంటే తక్కువ తేడాతో ఓడింది మనమే. కానీ పట్టికలో హంగరీకి 6 పాయింట్లు, ఫ్రాన్స్‌కు 3, పెరూకు 2, మనకు 1. బలమైన జట్టుకు అందరికంటే గట్టిగా ఎదురు నిలిచిన జట్టే అందరికంటే అడుగున ఎందుకుంది?

మొదటి అనుమానం హంగరీ మీదే వస్తుంది. తొలి ఆటలో వాళ్లు బలహీనమైన జట్టును దించారేమో. గోల్స్ చేసిన వాళ్ల పేర్లు చూస్తే ఈ అనుమానం నిలవదు. రెండో గోల్ చేసిన ఫ్లోరియన్ ఆల్బర్ట్‌కు అప్పటికి ఇంకా పందొమ్మిదేళ్లు నిండలేదు. 1962 ప్రపంచ కప్‌లో అత్యధిక గోల్స్ చేసినవాళ్లలో అతనొకడు. 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నాడు. అలాంటివాడు ముందు వరుసలో ఉన్న జట్టును బలహీనమైనదనలేం. ఆ హంగరీయే చివరికి ఇటలీని 2-1తో ఓడించి కాంస్యం తీసుకుంది.

రెండో అనుమానం బూట్ల గురించి. మనవాళ్లు వట్టి కాళ్లతో ఆడారని, పెనాల్టీలు వృథా చేశారని, అందుకే ఒక్క గోల్‌తో ఓడారని ఒక కథ ఉంది. ఆ కథ నిజమే, కాని అది వేరే ఒలింపిక్స్‌ది. 1948 జులై 31న లండన్ దగ్గరి ఇల్‌ఫోర్డ్‌లో ఫ్రాన్స్ చేతిలో మనం ఓడిందీ 1-2తోనే. ఆ రోజు జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. ఫ్రాన్స్ రెండో గోల్ 89వ నిమిషంలో పడింది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. రోమ్‌లో మనవాళ్లు బూట్లతోనే ఆడారు. స్కోరు ఒకటే కావడంతో రెండు ఓటములూ కలగలిసిపోవడం తేలిక. కాబట్టి ఈ అనుమానాన్నీ పక్కన పెట్టాను.

ఇక అసలు వాదన. హంగరీతో డ్రా చేసుకుని ఉంటే సెమీస్ దక్కేదా? అప్పట్లో గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. నాలుగు జట్ల గ్రూపు నుంచి ముందుకు వెళ్లేది ఒక్క జట్టే. ఆ రోజు 2-2 అయిందనుకుందాం. మిగతా ఆటల ఫలితాలు మార్చకపోతే హంగరీకి 5 పాయింట్లు వస్తాయి, మనకు 2. ఆ డ్రాతో పాటు ఫ్రాన్స్‌ను, పెరూను కూడా ఓడించి ఉంటే మనకూ 5 వచ్చేవి. అంటే మూడు ఆటల ఫలితాలూ మారాలి, అప్పటికీ హంగరీతో సమానం అయ్యేవాళ్లమే గాని దాటేవాళ్లం కాదు. హంగరీని ఓడించి, పెరూనూ ఓడించి ఉంటే మాత్రం 5-4తో మనమే ముందుండేవాళ్లం. ఒక్క గోల్ ఆపి ఉంటే చాలన్న మాటకు లెక్కలో చోటు లేదు.

తర్వాతి అనుమానం ఫ్రాన్స్‌తో ఆట. ఆగస్టు 29న గ్రోసెటోలో 71వ నిమిషంలో కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్‌తో మనం ముందుకెళ్లాం. 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. మిగిలిన ఎనిమిది నిమిషాలూ ఆధిక్యం కాపాడుకుని ఉంటే? మనకు 2 పాయింట్లు వచ్చేవి. హంగరీకి అప్పటికే 4 ఉన్నాయి, చివరి రోజు గెలిచి 6 చేసుకుంది. మనం పెరూను కూడా ఓడించినా 4 దగ్గరే ఆగేవాళ్లం. ఆ గోల్ బాధ కలిగించేదే, కాని సెమీస్‌ను పోగొట్టింది అది కాదు.

ఇప్పుడు అట్టడుగు స్థానం సంగతి. ఆగస్టు 29 రాత్రికి పట్టిక ఇలా ఉంది: హంగరీ 4, ఫ్రాన్స్ 3, భారత్ 1, పెరూ 0. ఒక్కో జట్టుకు మిగిలింది ఒక్కో ఆట. మనం గెలిచినా 3, పెరూ గెలిచినా 2. రెండు జట్లూ అప్పటికే పోటీలో లేవు. చివరి రోజు విలువ ఉన్న ఆట హంగరీ, ఫ్రాన్స్‌లది. సెప్టెంబరు 1న పెస్కారాలో పెరూ చేతిలో మనం 1-3తో ఓడి నాలుగో స్థానానికి జారాం. డ్రా అయినా మూడో స్థానం దక్కేది. అంటే మనం అడుగున ఉన్నది, ముందుకు వెళ్లే దారి ఇద్దరికీ మూసుకుపోయాక జరిగిన ఆట వల్ల. అలాంటి ఆటలో ఎవరు ఎంత మనసు పెట్టి ఆడారో స్కోరు చెప్పదు, నేనూ ఊహించను.

చివరగా దమ్ము గురించి. ఈ వాదనకు ఒక ఆధారం ఉంది. ఆ రోజుల్లో మన దేశంలో ఆటలు 70 నిమిషాలే నడిచేవి, ఒలింపిక్స్‌లో ఆడాల్సింది 90. చివరి 20 నిమిషాలు మనవాళ్లకు అలవాటు లేనివి. కాబట్టి ఓటమి అక్కడే జరిగి ఉండాలని అనుకోవడం సహజం. దీన్ని పరీక్షించడానికి మూడు ఆటలనూ 70వ నిమిషం దగ్గర రెండుగా కోశాను.

మొదటి 70 నిమిషాల్లో హంగరీతో 0-2, ఫ్రాన్స్‌తో 0-0, పెరూతో 0-2. కలిపితే 0-4. ఆ తర్వాత హంగరీతో 1-0, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-1. కలిపితే 3-2. రోమ్‌లో మనం చేసిన గోల్స్ మూడూ 71, 79, 88 నిమిషాల్లో పడ్డాయి. అలవాటు లేని సమయంలోనే మనం గోల్స్ చేశాం. అలవాటైన సమయంలో ఒక్కటీ చేయలేదు. మూడు ఆటల గోల్స్‌తో కాళ్ల అలసటను కొలవలేం, అది నిజం. కానీ చివర్లో కూలబడ్డామన్న మాటను ఈ అంకెలు సమర్థించవు, ఎదురు తిరుగుతాయి.

నిమిషాలను వరసగా రాసుకున్నాక ఇంకొకటి కనపడింది. హంగరీ గోల్స్ 24, 56 నిమిషాల్లో. పెరూ మొదటి రెండు గోల్స్ 27, 53 నిమిషాల్లో. రెండు ఆటల్లోనూ మొదటి సగం నడిమిలో ఒకటి, రెండో సగం మొదలైన కాసేపటికి మరొకటి. హంగరీతో వీరోచితంగా ఓడామని, పెరూతో చేజేతులా ఓడామని వేరువేరుగా చెప్పుకుంటాం. గడియారం చూస్తే 70వ నిమిషం దాకా రెండూ ఒకే ఆట. 85వ నిమిషంలో పెరూ మూడో గోల్ చేయడమే తేడా. ఆ రెండు ఓటముల్లోనూ మన తరఫున గోల్ చేసింది బలరామే.

దీంతో ముడి చాలావరకు విడిపోయింది. హంగరీతో తేడా తగ్గింది 79వ నిమిషంలో, అప్పటికి ఆట చాలావరకు అయిపోయింది. ఆ ఆటలో ఆలస్యంగా పడిన గోల్ స్కోరును చిన్నది చేసింది. మిగతా రెండు ఆటల్లోనూ గోల్ ఆలస్యంగానే పడింది, కానీ గెలుపు రాలేదు. లోపం వెతకాల్సింది చివరి నిమిషాల్లో కాదు, గోల్ లేకుండా గడిచిపోయిన తొలి గంటలో.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్ జరిగింది. కోచ్ అదే రహీం. దక్షిణ కొరియాను మనం 2-1తో ఓడించాం. మన గోల్స్ రెండూ 17, 20 నిమిషాల్లో పడ్డాయి. కొరియా గోల్ 85వ నిమిషంలో వచ్చింది, కానీ అప్పటికి అది సరిపోలేదు. రోమ్‌లో కనపడిన లోపాన్ని రహీం ఎంచి దిద్దాడని చెప్పడానికి ఈ అంకెలు చాలవు. రోమ్‌లో ఆలస్యంగా గోల్ చేసిన మనం 2-1తో ఓడామని, జకార్తాలో తొందరగా గోల్స్ చేసి అదే 2-1తో గెలిచామని చెప్పడానికి మాత్రం చాలు.