మేకల కాపరి చెప్పిన మందు (మన చరిత్ర - 4వ భాగం)



"ఆయుర్వేదం బ్రాహ్మణులది కదన్నా, మనకెందుకు?" అని ఒక విద్యార్థి అడిగాడు. ముందు అందులో ఏముందో చూద్దాం.

లోకంలాగే దేహమూ పంచభూతాలతో అయింది. దాన్ని నడిపేవి వాతం, పిత్తం, కఫం. తిన్న తిండి జఠరాగ్నిలో అరిగి రసం, రక్తం, మాంసం, కొవ్వు, ఎముక, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులవుతుంది. మిగిలింది మలం, మూత్రం, చెమట. ఈ లెక్క తప్పితే రోగం. టీబీకో డెంగ్యూకో ఈ లెక్క పట్టుకుని కూర్చోవద్దు, ఆసుపత్రికి పోండి. కానీ ఆ కాలానికి ఇది పెద్ద అడుగు. రోగానికి కారణాన్ని పూర్వజన్మ పాపంలోనే కాక తిండిలో, రుతువులో, ఒంట్లో వెతికారు. చరక సంహితలో మంత్రాలు, హోమాల చికిత్సకూ చోటుంది. అయినా పుస్తకంలో ఎక్కువ భాగం మందు, పథ్యం గురించే.

ఆ పథ్యంలో గోమాంసం కూడా ఉంది. వాతరోగాలకు, పొడిదగ్గుకు, విషమజ్వరానికి, ఒళ్లు అలిసినవాళ్లకు మంచిదని సూత్రస్థానం 27వ అధ్యాయం చెబుతుంది. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండగ చేస్తే దాడికి వచ్చినవాళ్లు ఆ అధ్యాయం చదివినట్టు లేరు.

సుశ్రుతుడు ఇంకో అడుగు వేశాడు. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో పెట్టి, పారే నీళ్లలో ఏడు రోజులు నానబెట్టి, కుంచెతో పొర పొరగా గీకుతూ కళ్లతో చూసి నేర్చుకోమన్నాడు. శవాన్ని ముట్టకుండా శస్త్రవైద్యం రాదు. మరి మనువు ఏమన్నాడు? వైద్యుడిని శ్రాద్ధానికి పిలవొద్దన్నాడు, వైద్యుడు పెట్టే అన్నం చీముతో సమానమన్నాడు. రోగిని ముట్టుకునే చెయ్యి మైల అన్నమాట! ధర్మశాస్త్రాల ఒత్తిడి వల్లే వైద్యగ్రంథాల్లోకి గోబ్రాహ్మణ భక్తి వచ్చి చేరిందని దేబీప్రసాద్ చటోపాధ్యాయ 1977లో వాదించారు. నాకు అది సబబుగానే తోస్తుంది.

అసలు సంగతి మూలికల దగ్గరుంది. చరకుడే ఒప్పుకున్నాడు: అడవిలో మందుమొక్కల పేరూ రూపమూ తెలిసింది మేకల కాపరులకు, గొర్రెల కాపరులకు, పశువుల కాపరులకు, అడవి మనుషులకు. వెంటనే ఒక మెలిక పెట్టాడు. పేరు, రూపం తెలిస్తే చాలదట, ఎలా వాడాలో తెలిసినవాడే అసలైన వైద్యుడట. ఏ ఆకు నూరి పెడితే మేక కాలిపుండు మానుతుందో కాపరికి తెలియకుండానే ఇన్ని తరాలు మందలు మేపాడా?

చదువు దగ్గర తలుపు చాలావరకు మూశారు. చరకుడి లెక్కలో ఆయుర్వేదం చదవాల్సింది పై మూడు వర్ణాలు. సుశ్రుత సంహిత కొంచెం సందు ఇచ్చింది. గుణవంతుడైన శూద్రుడికి ఉపనయనం, మంత్రాలు లేకుండా నేర్పవచ్చని కొందరు అంటారు, అంది. అంటరానివాళ్ల మాటే లేదు.

అందుకే ఆ తమ్ముడికి చెప్పాను, అది వాళ్లదేనని ఒప్పుకోకు అని. వచ్చే భాగం మన ఊళ్ల మంత్రసానుల మీద. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు బాలింతకు ఏం పెట్టేవారో అడిగి, ఆ మొక్కల పేర్లు మీ ఊరి మాటలోనే రాసి పంపండి.