రెండో అంచె ద్వారం: మహిళల హాకీ నేషన్స్ కప్ (వాలెన్సియా, 2022) – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

2022 డిసెంబరు 17న స్పెయిన్‌లోని వాలెన్సియా నగరంలో జరిగిన అంతిమ పోటీలో భారత మహిళల హాకీ జట్టు ఆతిథ్య స్పెయిన్‌ను 1-0తో ఓడించి తొలి నేషన్స్ కప్‌ను గెలుచుకుంది. ఆట 6వ నిమిషంలో లభించిన పెనాల్టీ కార్నర్‌ను గుర్జీత్ కౌర్ గోల్‌గా మలిచారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించిన ఏకైక గోల్ కూడా ఆమె పెనాల్టీ కార్నర్ ద్వారా సాధించినదే. అయితే టోక్యో విజయం జనం నోళ్లలో నిలిచినంతగా వాలెన్సియా విజయం నిలవలేదు. అందుకు ఆ పోటీకి ఉన్న 'రెండో శ్రేణి' అనే పేరు కొంత కారణం.

'శ్రేణి' అన్నప్పుడు ఎక్కువ తక్కువల భేదం ధ్వనిస్తుంది. 'అంచె' అన్నప్పుడు ప్రయాణంలో ఒక మజిలీ అనే అర్థం స్ఫురిస్తుంది. నేషన్స్ కప్ స్వభావానికి రెండో మాటే దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ గెలిచిన జట్టుకు దక్కే అసలు ఫలం కప్పు కాదు, ప్రో లీగ్‌లో ప్రవేశం.

పూర్వరంగం

మహిళల హాకీ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన 1980 మాస్కో క్రీడల్లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మళ్లీ ఒలింపిక్స్‌లో ఆడటానికి 2016 రియో క్రీడల దాకా, అంటే 36 ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఈ సుదీర్ఘ విరామంలోనే అంతర్జాతీయ హాకీ సమాఖ్య పోటీలను మెట్లుగా పేర్చింది. 1987లో మహిళల ఛాంపియన్స్ ట్రోఫీ మొదలైంది. దానికి దిగువ మెట్టుగా 2002లో జొహన్నెస్‌బర్గ్‌లో ఛాంపియన్స్ ఛాలెంజ్ వచ్చింది. ఆ తరువాత ఇంకొక మెట్టు దిగువన ఛాంపియన్స్ ఛాలెంజ్-2 ఏర్పడింది. 2009లో రష్యాలోని కజాన్‌లో జరిగిన ఈ మూడో అంచె పోటీలో భారత జట్టు ఫైనల్లో బెల్జియంను 6-3తో ఓడించింది. హర్యానాలోని షాహాబాద్ నుంచి వచ్చిన రాణీ రాంపాల్ వయసు అప్పటికి 14 ఏళ్లే. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో ఆమె ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. పెద్ద పేరు లేని పోటీలే పెద్ద క్రీడాకారిణులను వెలికి తెస్తాయనటానికి ఇంతకన్న మంచి నిదర్శనం భారత హాకీలో కనిపించదు.

వాలెన్సియా

2019 జనవరిలో ప్రో లీగ్ ప్రారంభమైనప్పుడు భారత మహిళల జట్టు అందులో లేదు. 2021-22 సీజన్‌లో కోవిడ్ కాలపు ప్రయాణ ఇబ్బందుల మూలంగా కొన్ని జట్లు తప్పుకోగా, ఆ ఖాళీలో భారత్‌కూ స్పెయిన్‌కూ చోటు దొరికింది. తొలిసారి ఆడుతూనే భారత జట్టు మూడో స్థానం సంపాదించింది. అయినా ఆ చోటు తాత్కాలికమే కాబట్టి, తప్పుకున్న జట్లు తిరిగి రాగానే బయటికి రాక తప్పలేదు. ప్రపంచ అగ్రజట్ల మధ్య మూడోదిగా నిలిచిన జట్టు కొద్ది నెలలకే ప్రవేశార్హత కోసం రెండో అంచెలో పోటీ పడవలసి రావటం ఈ చరిత్రలోని వైచిత్రి. వాలెన్సియా ఫైనల్లో తలపడిన రెండు జట్లూ అంతకుముందు సీజన్‌లో ప్రో లీగ్ ఆడినవే! దాన్ని రెండో స్థాయి ఆట అనటానికి ఏ పాటి ఆధారం ఉందో ఆలోచించాలి.

పోటీలో ఎనిమిది జట్లు పాల్గొన్నాయి. యాన్నెకే స్కోప్‌మన్ శిక్షణలో, గోల్‌కీపర్ సవితా పునియా నాయకత్వంలో భారత జట్టు చిలీని 3-1తో, జపాన్‌ను 2-1తో, దక్షిణాఫ్రికాను 2-0తో ఓడించింది. అసలు పరీక్ష సెమీ ఫైనల్లో ఎదురైంది. ఐర్లాండ్‌తో ఆట 1-1తో ముగిసి షూటౌట్‌కు దారితీసింది. షూటౌట్‌లో దాడి చేసే క్రీడాకారిణి ఒంటరిగా బంతిని తీసుకొచ్చి 8 సెకన్లలో గోల్ చేయాలి, గోల్‌కీపర్ ఒంటరిగానే ఆమెను ఆపాలి. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్‌పై కాంస్య పతకం తెచ్చిపెట్టింది కూడా షూటౌటే. ఐర్లాండ్‌పైనా భారత్ 2-1తో గట్టెక్కింది.

ప్రవేశం విలువ

నేషన్స్ కప్ విజేత ఆడింది ఐదు మ్యాచ్‌లు. తొమ్మిది జట్ల ప్రో లీగ్‌లో ఒక్కో జట్టుకు సీజన్‌లో 16 మ్యాచ్‌లు లభిస్తాయి. రెండు అంచెల మధ్య అసలైన అంతరం ఈ సంఖ్యల్లోనే ఉంది. ముఖ్యంగా గోల్‌కీపర్ల విషయంలో ఇది తీవ్రంగా కనిపిస్తుంది. మైదానంలో నిలబడేది ఒక్కరే. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి, 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో సవితతో పాటు ఉన్న ఎతిమరపు రజని వంటివారికి మ్యాచ్‌ల సంఖ్య తగ్గేకొద్దీ అవకాశం సన్నగిల్లుతుంది.

వాలెన్సియాలో గెలిచిన ప్రవేశం అందుబాటులోకి వచ్చేసరికి ఏడాది దాటింది. ప్యారిస్ ఒలింపిక్స్ అర్హత పోటీలు 2024 జనవరిలో రాంచీలో జరిగాయి. భారత్ సెమీ ఫైనల్లో జర్మనీ చేతిలో షూటౌట్‌లోనూ, మూడో స్థానం కోసం జరిగిన ఆటలో జపాన్ చేతిలో 0-1తోనూ ఓడి ప్యారిస్ అవకాశాన్ని కోల్పోయింది. ప్రో లీగ్‌లో భారత్ తొలి మ్యాచ్ ఆ తరువాతి నెలలో భువనేశ్వర్‌లో జరిగింది. ఈ జాప్యమే ఓటమికి కారణమనటం తొందరపాటు అవుతుంది, ఆ మధ్యకాలంలో జట్టు ఆసియా క్రీడలతో సహా ఇతర పోటీలు ఆడింది. అయితే జర్మనీ వంటి జట్లతో తరచుగా తలపడే అనుభవం అవసరానికి ముందు కాక తరువాత అందిందన్నది మాత్రం కాలక్రమమే చెబుతున్నది.

2024-25 సీజన్‌లో భారత జట్టు 16 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచి ప్రో లీగ్ నుంచి నిష్క్రమించింది. అదే ఏడాది చిలీలోని శాంటియాగోలో నేషన్స్ కప్ గెలిచిన న్యూజిలాండ్ ప్రో లీగ్ ప్రవేశాన్ని స్వీకరించలేదు. భారత్ ఖాళీ చేసిన ఆ చోటు, 2022లో వాలెన్సియా షూటౌట్‌లో ఒక్క గోల్ తేడాతో వెనుదిరిగిన ఐర్లాండ్‌కు దక్కింది.