షాక్‌వేవ్ థెరపీ: మ్యూనిక్ నీళ్లతొట్టి నుంచి మన తాండూరు దాకా

ముందుగా ఒకటి క్లియర్ చేసుకుందాం. షాక్‌వేవ్ థెరపీలో కరెంట్ షాక్ ఉండదు. అది ఒక ప్రెషర్ అల. తాండూరు వాళ్లకైతే ఈజీగా అర్థమవుతుంది: నాపరాయి మీద ఒక మూల సుత్తితో కొడితే, ఇంకో మూల పట్టుకున్నోడి చేతికి అదురు తెలుస్తుంది కదా, అట్ల.

ఈ కథ ఆస్పత్రిలో కాదు, విమానాల కంపెనీలో మొదలైంది. జర్మనీలో డోర్నియర్ అనే కంపెనీ. 1966లో అక్కడ ఒక టెస్ట్ జరుగుతుంటే, టార్గెట్‌ని ముట్టుకుని ఉన్న ఇంజినీర్‌కి ఒళ్లు జల్లుమందట. కొలిచి చూస్తే కరెంట్ లేదు, గాయం కూడా లేదు. అల ఒంట్లోకి పోయిందన్నమాట. ఒళ్లు కోయకుండా లోపలి రాయిని పగలగొట్టచ్చు కదా అనే ఆలోచన ఆ రీసెర్చ్ నుంచే పెరిగింది. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో డాక్టర్ క్రిస్టియన్ షౌసీ టీమ్ మొదటిసారి ఒక పేషెంట్‌ని నీళ్లతొట్టిలో ఉంచి కిడ్నీ రాయి పగలగొట్టింది. 1984 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది.

ఆ మెషీన్ ఒక గదికి సరిపోయేంత ఉండేది. పెద్ద ఆస్పత్రులు తప్ప ఎవరూ కొనలేరు. పక్కన యూరాలజిస్ట్, మత్తు డాక్టర్, ఎక్స్‌రే, అన్నీ ఉండాల్సిందే. అంటే ఒక రకంగా మెషీన్ సైజే పేషెంట్‌కి సేఫ్టీ.

తర్వాత ఈ అల ఎముకలు, కండరాల నొప్పులకి వచ్చింది. 2000 అక్టోబర్‌లో మడమ నొప్పికి ఒక మెషీన్‌ని ఎఫ్‌డీఏ అప్రూవ్ చేసింది. అయితే 6 నెలలు నొప్పి ఉండి, మామూలు ట్రీట్‌మెంట్లకి తగ్గని వాళ్లకే. ఆ షరతు పోస్టర్ల మీద ఎక్కడైనా చూశారా? నేనైతే చూడలేదు.

అదే టైమ్‌లో ఇంకో మార్పు. 1990ల చివర్లో రేడియల్ మెషీన్లు వచ్చాయి. గాలి ప్రెషర్‌తో గన్ లోపల చిన్న లోహపు ముక్క ఎగిరి వచ్చి కొడుతుంది. బలం చర్మం దగ్గరే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఫిజిక్స్ లెక్కన ఇది అసలు షాక్‌వేవే కాదు. పనికిరాదని కాదు, మడమ నొప్పికి దీని మీద కూడా మంచి స్టడీలున్నాయి. కానీ ఫోకస్డ్ వేరు, రేడియల్ వేరు. బోర్డు మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు. మెషీన్ టేబుల్ మీద పట్టేంత చిన్నదైంది, ఎక్కడైనా పెట్టేసుకోవచ్చు.

మొన్న తాండూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ల నాన్న పాలిషింగ్ యూనిట్‌లో రోజంతా నిలబడి పని చేస్తాడు, మడమ నొప్పి. ఒక చోట స్కాన్ లేదు, డాక్టర్ చూడలేదు, డైరెక్ట్‌గా ప్యాకేజీ చెప్పారంట. "అన్నా, వీళ్లకి పర్మిషన్ ఉందో లేదో ఎట్ల తెలుస్తది?" అని అడిగిండు.

కరెక్ట్ ప్రశ్న, కానీ జవాబు ఒక్క కాగితంలో దొరకదు. ఎందుకంటే మన దగ్గర చట్టాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. క్లినిక్ బిల్డింగ్‌కి ఒకటి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో ప్రైవేట్ ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది, 2010లో కేంద్రం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెచ్చింది. సర్టిఫికెట్ సంగతి చూసేది డీఎంహెచ్‌వో ఆఫీస్. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయ్యింది కాబట్టి తాండూరు వాళ్లు ఇప్పుడు రంగారెడ్డి జిల్లా ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మెషీన్‌కి ఇంకోటి: మెడికల్ డివైజెస్ రూల్స్ 2017. వైద్య పరికరాలన్నీ వీటి కిందకి వచ్చింది మాత్రం 2020 ఏప్రిల్ 1 నుంచే. బయటి దేశం మెషీన్ అయితే ఇంపోర్ట్ లైసెన్స్ ఎండీ-15 ఫారంలో ఉంటుంది. ఇక మనిషికి మూడోది: డాక్టర్‌కి మెడికల్ కౌన్సిల్ నంబర్. ఫిజియోథెరపిస్టులకైతే కేంద్ర చట్టం 2021లో గానీ రాలేదు!

"ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని రాసుంటే పడిపోకండి. అది అమెరికాలో, ఫలానా మోడల్‌కి, ఫలానా జబ్బుకి ఇచ్చింది. మడమకి ఇచ్చిన అప్రూవల్ చూపించి మగతనం పెంచుతామంటే, ఆ మాట మీద 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కన్ను కూడా ఉంటుంది.

అందుకే ఆ తమ్ముడికి ఇట్ల చెప్పిన: ముందు ఎముకల డాక్టర్‌కి చూపించు. నాన్న రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పు. క్లినిక్‌లో మెషీన్ వెనకున్న కంపెనీ పేరు, మోడల్ నంబర్ ఫోటో తీసుకో, ఫోకస్డా రేడియలా అడుగు. ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టకు, ప్రతి సెషన్‌కి బిల్లు తీసుకో. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందకి తెచ్చింది. రేపు కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది ఆ బిల్లే.