హిమాయత్‌నగర్ సీటు, మా పేటలు

2009లో అసెంబ్లీ ఎన్నికలు వచ్చేనాటికి హిమాయత్‌నగర్ నియోజకవర్గం లేదు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన డీలిమిటేషన్ కమిషన్, 2001 జనాభా లెక్కలను బట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హద్దులన్నీ కొత్తగా గీసింది. రాష్ట్రంలో మొత్తం సీట్లు 294 దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ జిల్లాకు మాత్రం 13 కాస్తా 15 అయ్యాయి. రెండు సీట్లు పెరిగిన మాట నిజమే, కానీ ఆ లెక్క తేలడానికి మూడు పాత పేర్లు పోయాయి: హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పుర వచ్చాయి.

ఇప్పుడు హిమాయత్‌నగర్ ఖైరతాబాద్‌లో ఉంది. బర్కత్‌పుర, కాచిగూడ అంబర్‌పేటలోకి వెళ్లాయి. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ముషీరాబాద్ కిందికి వస్తాయి. నారాయణగూడ చౌరస్తా నుంచి ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లోనే ఎమ్మెల్యే మారిపోతాడు. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఎవరికి చెప్పుకోవాలో మా వాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఒక పట్టాన తేలదు.

ఈ పేటల్లో రాజకీయం ఎన్నికలకంటే ముందే పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారు ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో పెట్టిన బడి నారాయణగూడలోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగులో చదువు చెప్పడం ఎంత పెద్ద పనో ఈ తరానికి చెప్పాల్సి వస్తోంది. ఆయనే 1951లో హైదరాబాద్ తొలి మేయరయ్యారు. ఆ పక్కనే 1940లో మొదలైన కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థ. ఆర్యసమాజ నాయకుడు కేశవరావు కోరట్కర్ పేరు మీద వెలిసింది. ఆయన కుమారుడు వినాయకరావు విద్యాలంకార్ బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో పనిచేసి, 1957లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అంతకుముందు 1952లో, హైదరాబాద్ రాష్ట్రానికి జరిగిన మొదటి ఎన్నికల్లో, ముషీరాబాద్ నుంచి గెలిచింది డాక్టర్ జి.ఎస్. మేల్కోటే. ఆయన కూడా బూర్గుల మంత్రివర్గంలో ఉన్నారు. తర్వాత 1962, 1967, 1971లలో వరుసగా హైదరాబాద్ ఎంపీ అయ్యారు. మూడోసారి తెలంగాణ ప్రజాసమితి తరఫున గెలిచారు. 1969 ఉద్యమం వేడి చల్లారని రోజులవి. అదే ఎన్నికలో సికింద్రాబాద్‌లో ఎం.ఎం. హాషిం కూడా ప్రజాసమితి అభ్యర్థిగానే నెగ్గారు. బడి పెట్టినవాళ్లు, వైద్యం చేసినవాళ్లు ఓటు అడగడానికి వచ్చిన కాలం అది. అలాంటివాళ్లను ఎన్నుకున్న చోటు మాది.

హిమాయత్‌నగర్ సీటు పేరు చెప్పగానే పాతవాళ్లకు గుర్తొచ్చేది ఆలె నరేంద్ర. ‘టైగర్ నరేంద్ర’ అంటేనే చాలామందికి తెలుసు. 1980లలో, మళ్లీ 1990ల మొదట్లో బీజేపీ తరఫున ఇక్కడ గెలిచారు. తర్వాత మెదక్ ఎంపీగా, టీఆర్‌ఎస్‌లో చేరాక కేంద్రమంత్రిగా పనిచేసి, 2014 ఏప్రిల్‌లో కన్నుమూశారు. హిమాయత్‌నగర్‌లో నరేంద్ర తర్వాత తెలుగుదేశం నుంచి సి. కృష్ణయాదవ్ గెలిచారు. 2004లో జి. కిషన్‌రెడ్డి. హిమాయత్‌నగర్‌కు ఆయనే ఆఖరి ఎమ్మెల్యే. సీటు పోయాక అంబర్‌పేటకు మారి 2009, 2014లలో గెలిచారు. 2018లో ఓడి, 2019లో సికింద్రాబాద్ ఎంపీ అయ్యారు. ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్ మూడూ ఆ లోక్‌సభ స్థానంలోవే కాబట్టి, అసెంబ్లీకి ముక్కలైన మా పేటలు పార్లమెంటుకు మాత్రం ఒక్కటిగానే ఓటేస్తున్నాయి.

ముషీరాబాద్ కథ ఇంకో రకం. అజామాబాద్ పారిశ్రామికవాడ, వజీర్ సుల్తాన్ పొగాకు ఫ్యాక్టరీ (వీఎస్టీ) ఉన్న చోట కార్మిక సంఘం మాటకే బలం. నాయిని నర్సింహారెడ్డి ఆ సంఘాల్లోంచే వచ్చారు. 1978లో జనతా పార్టీ తరఫున టి. అంజయ్యను ఓడించారు. అంజయ్య కూడా కార్మిక నాయకుడే, ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలైన మనిషి. ఓడిన అంజయ్య రెండేళ్లకే, 1980 అక్టోబరులో, ముఖ్యమంత్రి అయ్యారు! 1984లో సికింద్రాబాద్ ఎంపీగా గెలిచారు. ఆయన పోయాక అదే స్థానం నుంచి భార్య మణెమ్మ లోక్‌సభకు వెళ్లారు. 2008 ఉప ఎన్నికలో ముషీరాబాద్ నుంచి అసెంబ్లీకి గెలిచిందీ ఆమే. ఇద్దరు కార్మికులు ఒక పేటలో తలపడి, ఒకరు ముఖ్యమంత్రి, మరొకరు తెలంగాణ తొలి హోంమంత్రి కావడం నా దృష్టిలో ఈ నగర ఎన్నికల చరిత్రలో గర్వించదగ్గ ఘట్టం. దానికి రావలసినంత పేరు రాలేదు.

నాయినికి మాత్రం ఒక గుర్తు మిగిలింది. ఇందిరాపార్కు నుంచి అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా వీఎస్టీ దాకా కట్టిన ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో ప్రారంభించి ఆయన పేరు పెట్టారు. దాని కింద కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలు రోజూ ఆ పేరు చదువుతారు. గ్రూప్స్ పరీక్షల కోసం తెలంగాణ చరిత్రంతా కంఠతా పట్టే ఆ పిల్లలకు తాము అద్దెకుంటున్న పేట చరిత్ర ఏ పుస్తకంలోనూ దొరకదు.

హిమాయత్‌నగర్ నియోజకవర్గం పోయి పదిహేనేళ్లు దాటింది. ఆ ఎన్నికలు చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అప్పటి ఓటరు చీటీ, కరపత్రం, సభలో తీసిన ఫొటో, ఏజెంటుగా కూర్చున్నప్పటి పాసు ఎవరి బీరువాలో ఉన్నా పాత కాగితాలవాడికి వేయకండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఈ పేటల ఎన్నికల కాగితాలకు ఒక అర ఇమ్మని అందరం కలిసి అడుగుదాం, రండి.